దేవునికా, దవాఖానకా?

వికారాబాదు స్టేషను మెట్లు దిగితే ఎదురుగానే హోటలు. ఆ మాట బోర్డు మీదే రాయించాడు బాల్‌రాజ్ సేటు: "స్టేషనుకు ఎదురుగా. బస్సు ఇక్కడే ఆగును. శుభ్రమైన గదులు, వేడినీళ్లు, ఇంటి వంట." పక్కనే అదంతా ఉర్దూలో కూడా ఉంది. స్టేషనుకు ఎదురుగా ఉన్నమాట నిజం. బస్సు ఆగేమాట కూడా నిజమే. తక్కిన వాటి సంగతి లోపలికి పోయినవాడికి గానీ తెలియదు. తెలిసేసరికి చివరి బస్సు వెళ్లిపోయి ఉంటుంది.

పోలీసు చర్య జరిగి పదేండ్లు నిండబోతున్న శ్రావణం అది. ముసురు పట్టి మూడు రోజులైంది. దీపాలు పెట్టే వేళకు అత్తాకోడళ్లిద్దరు తడిసిన కొంగులు పిండుకుంటూ హోటలు మెట్లెక్కారు. అత్త రుక్కమ్మకు అరవై దాటాయి, నోరు మాత్రం ఇంకా ముప్పైల్లోనే ఉంది. కోడలు బీరమ్మ మాట తక్కువ మనిషి. దోమ ఊరికి అవతల కుర్మవాడ వాళ్లది. గొర్రెలు కాయడం, ఉన్ని వడకడం, గొంగళ్లు నేయడం, అదే బతుకు.

రుక్కమ్మ కొడుకు నర్సప్పకు ఆర్నెల్లుగా దగ్గు. చివరికి దగ్గులో నెత్తురు పడింది. పరిగి డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని, అనంతగిరి గుట్ట మీది క్షయ దవాఖానలో చేరతానని పన్నెండు రోజుల కింద ఒక్కడే బయలుదేరాడు. చేరినట్టు కబురు లేదు. ఆ రోజు అత్తాకోడళ్లు గుట్టెక్కి అడిగారు. అక్కడి గుమాస్తా ఓపికగా పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. "ఆ పేరుతోటి ఎవరు చేరలేదమ్మా" అన్నాడు. ఇంటికి రాలేదు, గుట్టకు పోలేదు, మరి మనిషి ఏమైనట్టు?

హోటలు నడవలో, బల్ల వెనక బాల్‌రాజ్ తెల్లటి ధోవతిలో నిండుగా కూచుని ఉన్నాడు. మర్పల్లి దిక్కున భూములున్న ఇంటివాడు, వ్యవసాయం తమ్ముళ్లకు వదిలి ఈ వ్యాపారం పెట్టాడు. పెద్ద రిజిస్టరు తెరిచి, కలం సిరాలో ముంచి, వచ్చిన ప్రతివాళ్లనూ అడిగే మాటే అడిగాడు.

"గుట్టకు ఎందుకొచ్చిన్రు? దేవునికా, దవాఖానకా?"

గుట్ట మీద అనంతపద్మనాభస్వామీ ఉన్నాడు, దవాఖానా ఉంది. ఈ బల్ల ముందు నిలబడ్డవాళ్లకు ఆ ప్రశ్న తప్పదు. దేవునికి అన్నవాడికి గది దొరుకుతుంది. దవాఖానకు అన్నవాడికి వీధి దొరుకుతుంది.

"దేవునికి గాదు, దవాఖానకు గాదు. నా కొడుకును ఎతుక్కుంట వచ్చినం" అంది రుక్కమ్మ. "పన్నెండొద్దుల కింద వచ్చుంటడు సేటూ. పరిగి బస్సు గీడనే ఆగుతది గద. సన్నగ ఉంటడు, ఎత్తరి మనిషి, పేరు..."

"రాలేదు" అన్నాడు బాల్‌రాజ్, పేరు చెప్పనివ్వకుండానే. "అసొంటోడు మా హోటలుకు రానే లేదు అవ్వా. నాకు అందరి మొఖాలు యాదికుంటయి." కాస్త ఆగి గొంతు మెత్తబరిచాడు. "మీకైతే దగ్గు గిట్ల లేదు గద?"

"మాకేం రోగం! సలికి సస్తున్నం. జర గది సూపెట్టు."

చూపించారు. అబ్బో, ఏం గది! కప్పు రేకు కారి మంచం నడుమ మడుగు కట్టింది. గోడ చెమ్మకు సున్నం అట్టలట్టలుగా ఊడుతోంది. కూజాలో చెయ్యి పెడితే అడుగున జిగట. వేడినీళ్లు అడిగితే పొయ్యి ఆరిందన్నారు. చాయ అడిగితే వచ్చింది గానీ, మధ్యాహ్నం నుంచి మరుగుతున్న చాయ, నాలుకకు చేదు తప్ప మరేమీ తెలియలేదు. నులక మంచం మీద కూచున్న మరుక్షణం రుక్కమ్మ లేచి నిలబడి వీపు గోక్కుంది.

"థూ! మా గొర్లదొడ్డి నయం గదనే బీరమ్మా. గొర్లు గూడ పండవు ఈ నల్లులల్ల. ఓ అన్నా, కప్పుకునేదన్న ఏమన్న ఉన్నదా, లేకుంటే అది గూడ బోర్డు మీదనేనా?"

ఆ 'అన్న' మొగులప్ప. హోటలుకు నీళ్లు మోసే ముసలివాడు. అతను గడపలో నిలబడి బీరమ్మ ముఖం వంకా, రుక్కమ్మ ముఖం వంకా చూశాడు. వెళ్లి, కాసేపటికి రెండు చేతుల మీదా మడతపెట్టిన నల్ల గొంగడి ఒకటి తెచ్చి మంచం మీద పెట్టాడు. తల ఎత్తకుండా వెళ్లిపోయాడు.

గొంగడి విప్పబోతూ బీరమ్మ చెయ్యి ఆగిపోయింది. లాంతరు దగ్గరికి జరిపి అంచు చూసింది. తెల్ల ఉన్నితో ఏడు ముడులు. ఇంకో మూలకు తిప్పింది. దొడ్డి నెగడులోంచి నిప్పురవ్వ పడి కాలిన చోట గోధుమ రంగు ఉన్నితో అతుకు. ఆ ముడులు వేసింది తనే. ఆ అతుకు కుట్టింది తనే, పోయిన మాఘంలో.

"అత్తా" అంది. అతుకున్న మూల ఆమె ముందుకు జరిపింది.

రుక్కమ్మ వంగి చూసింది. ఆ ఉన్ని వడికింది ఆమె. ముసలిదాని చేతులు గొంగడి మీద పడి అట్లాగే ఉండిపోయాయి. "నా కొడుకుది" అంది.

కుర్మోళ్ల ఇంట్లో గొంగడి ఉత్త కప్పుకునే గుడ్డ కాదు. పెండ్లిపిల్లలను దాని మీదే కూచోబెడతారు. పంచాయితీకి దాన్నే పరుస్తారు. దాని మీద కూచున్నవాడు ఉన్నదే చెప్పాలి. లేనిది చెప్పాలనుకున్నవాడు దిగి, నేల మీద కూచుని చెప్పుకోవాలి. చిన్న పిల్లలు కూడా దొంగమాట చెప్పేముందు గొంగడి దిగుతారు.

రుక్కమ్మ అప్పుడే కిందికి పోయి బాల్‌రాజ్ గల్లా పట్టుకుంటానంది. బీరమ్మ ఆమె రెక్క పట్టి ఆపింది.

"ఇప్పుడు గాదత్తా. పొద్దుగాల. అందరి ముందట గొంగడి పరుస్త."

తెల్లారింది. నడవలో చాయల వేళ. గుల్బర్గా నుంచి కందుల బేరానికి వచ్చిన వ్యాపారులిద్దరు బెంచీ మీద ఉన్నారు. పట్నం నుంచి దేవుడి దర్శనానికి వచ్చిన భార్యాభర్తలు బస్సు కోసం చూస్తున్నారు. బీరమ్మ అత్తతో మెట్లు దిగి వచ్చి, ఎవరినీ చూడకుండా, నాపరాళ్ల నేల మీద గొంగడి పరిచింది. నాలుగు మూలలూ సరిచేసింది. తర్వాత తల ఎత్తింది.

"సేటూ, జర దీని మీద కూసొని చెప్పుండ్రి. మా పెనిమిటి ఈడికి వచ్చిండా, రాలేదా?"

బాల్‌రాజ్ గొంగడిని చూశాడు. వెంటనే అతని చూపు బావి వైపు గుమ్మంలో ఉన్న మొగులప్ప మీదికి పోయింది. అది బీరమ్మ కనిపెట్టింది.

"ఏం తమాషా ఇది? నిన్ననే చెప్పిన గద రాలేదని."

"కూసొని చెప్పుండ్రి. ఇది మా ఆయన గొంగడి. ఈ అతుకు నా చేతిది. ఇది మీ ఇంట్లకు ఎట్ల వచ్చింది?"

గుల్బర్గా వ్యాపారుల్లో పెద్దాయన చాయ గ్లాసు కింద పెట్టాడు. "మా దిక్కు గొర్రెలు కాసే కురుబరలో కూడ ఇదే పద్ధతి సేట్‌జీ. కంబళి మీద కూచుని ఒక మాట చెప్పండి, అయిపోతుంది. అయ్యో పాపం, ఆడమనిషి అడుగుతోంది కదా."

బాల్‌రాజ్ బల్ల వెనకనుంచి లేచి వచ్చాడు. చెప్పులు విడిచాడు. ధోవతి సర్దుకుని గొంగడి నడుమ నింపాదిగా కూచున్నాడు, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని.

"ఆ మనిషిని నేను కండ్లతోటి సూడలేదు. నా హోటల్ల కాలు పెట్టలేదు. ఈ గొంగడి మర్పల్లి అంగట్ల కొన్న. సాలునా?"

లేచి ధోవతి దులుపుకుని మళ్లీ బల్ల వెనక్కి పోయాడు. వ్యాపారులు చాయ అందుకున్నారు. బస్సు వచ్చి నిలబడితే పట్నం భార్యాభర్తలు పరుగెత్తారు.

బీరమ్మ నిలబడ్డచోటే ఉండిపోయింది. ఏమీ కాలేదు. అదే ఆమెను కొట్టింది. ఇంత అబద్ధం అంత సుఖంగా కూచుని చెప్పాడు, నోరు తడబడలేదు, చెయ్యి వణకలేదు. పుట్టి ముప్పై ఏండ్లలో ఆమె ఇట్లాంటిది చూడలేదు. గొర్రెల దొంగలు కూడా గొంగడి పరిస్తే ఏడుస్తూ దిగిపోయారు గానీ కూచుని బొంకలేదు. మనిషన్నవాడు ఇట్లా కూడా చేయగలడా?

అంతకన్నా ఘోరం, రుక్కమ్మ నమ్మింది.

"గొంగడి మీద కూసొని చెప్పిండు గదనే" అంది ముసలిది, పీల గొంతుతో. "వాడే అంగట్ల అమ్ముకున్నడేమో. నా కొడుకు గొంగడి అమ్ముకుని ఏడికి పోయిండే బీరమ్మా?"

అప్పుడే మొగులప్ప నీళ్ల బిందెతో లోపలికి వచ్చాడు. బావి నుంచి వంటింటికి దారి నడవ మధ్యనుంచే. అతను మధ్యనుంచి పోలేదు. గోడకు వీపు ఆనించి, పక్కపక్కకు అడుగులు వేస్తూ, గొంగడి అంచు కూడా తాకకుండా పోయాడు.

"తాతా" అని పిలిచింది బీరమ్మ. "నువ్వు గూడ కూసో."

"నా కాళ్లకు బురదున్నది బిడ్డా."

బావి దగ్గర అప్పుడే కడుక్కున్న కాళ్లు అవి, తెల్లగా నాని ఉన్నాయి.

బీరమ్మ గొంగడి మడిచి చంకన పెట్టుకుని అతని వెనకే బావి దగ్గరికి పోయింది. గొంగడిని గట్టు మీద పరిచి పక్కన నిలబడింది. మొగులప్ప చేతిలో చేంతాడు అట్లాగే ఉంది. చివరికి తాడు కింద పెట్టి, గొంగడి చివరన ఒదిగి కూచున్నాడు. కూచోగానే కండ్లలో నీళ్లు తిరిగాయి.

"నేను గూడ కుర్మోన్నే బిడ్డా. మాది కుల్కచర్ల. వచ్చిండు నీ పెనిమిటి. పొద్దుగూకి బస్సు దిగిండు. గా బెంచి మీద ఇదే పరుసుకుని కూసున్నడు. సేటు అడిగిండు, దేవునికా, దవాఖానకా అని. దేవునికని చెప్పుమని కండక్టరు గూడ చెప్పి పంపిండట. అందరు గట్లనే చెప్తరు, తెల్లారి దవాఖానకే పోతరు. మీ ఆయన లేవలే. కూసున్నకాడనే కూసొని, దవాఖానకు అన్నడు."

బీరమ్మ కండ్లు మూసుకుంది. అనకుండా ఎట్లా ఉంటాడు? ఆయన అంతే.

"గది లేదన్నడు సేటు. వరండల పంట అన్నడు మీ ఆయన. అంతల దగ్గొచ్చింది. ఒగటే దగ్గు. బండల మీద ఇంత నెత్తురు పడ్డది. సేటు ఆగమాగం అయిండు. ఈడ సస్తే నా హోటలు మూతపడ్తది, వస్తున్న బండిల ఎక్కియ్యి, యాడికన్న పోనియ్యి అన్నడు. ఎక్కిచ్చిన. నా చేతులతోనే ఎక్కిచ్చిన బిడ్డా. గొంగడి గుంజుకుని కాలవెట్టుమన్నడు. గొంగడిని కాలుస్తమా మనం? మూడుమాట్ల ఉడుకునీళ్లల్ల ఉతికి ఎండేసి దాసిన."

"వానకాలంల" అంది బీరమ్మ. "వానకాలంల గొంగడి లేకుంట పంపిన్రా?"

మొగులప్ప ముఖం కప్పుకున్నాడు. "అది తాండూరు బండి. ఆడ స్టేషనెన్క రాళ్ల కార్ఖానల దగ్గర ఓ చిన్న దవాఖాన ఉన్నది. రాహేలమ్మ అని ఆయా. నాకు తెలిసిన మనిషి. ఆమె పేరు చెప్పి పంపిన. చేరిండో లేదో తెల్వదు. తెలుసుకునే ధైర్నం గూడ చెయ్యలే. రాత్రి మీరు అడిగిన్రు. నోటితోటి చెప్పలేక, గొంగడి తెచ్చిచ్చిన."

తిట్టాలనిపించింది బీరమ్మకు. కాళ్లు మొక్కాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. గొంగడి తీసుకుని, అత్తను లేపుకుని, స్టేషనుకు పరుగెత్తింది.

తాండూరులో దిగేసరికి మధ్యాహ్నం. పట్టాల పక్కన పరుపు రాళ్లు దొంతర్లు దొంతర్లుగా పేర్చి ఉన్నాయి. తెల్లటి రాతిదుమ్మంతా వానకు అడుసై కాళ్లకు అంటుకుంటోంది. రాహేలమ్మ పేరు చెబితే కార్ఖానా కూలీలు చెయ్యెత్తి చూపించారు. ఇల్లూ దవాఖానా అదే, ఒక చిన్న బండల ఇల్లు, ముందు తాటాకు పంచ. పంచలో మంచం మీద ఒక మనిషి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. దుప్పటి కింద వీపు ఎముకలు లెక్కపెట్టేటట్టు ఉన్నాయి.

రుక్కమ్మ పోయి ఆ వీపు మీద ఒక్కటి చరిచింది. "నీ పాడుగాను! యాడ సచ్చినవురా!" అని, కొట్టిన చోటే ముఖం పెట్టి బావురుమంది.

బతికే ఉన్నాడు. బీరమ్మ మంచం దగ్గరికి పోయి దుప్పటి సరిచేసింది.

రాహేలమ్మ పొట్టి మనిషి, చేతులు చకచకా కదులుతాయి, మాట కటువు. వచ్చినవాళ్లకు ముందు వేడి చాయ ఇచ్చింది. ఇంకోనాడైతే కిరస్తానీ ఇంట్లో నీళ్లు ముట్టడానికి రుక్కమ్మ నాలుగుసార్లు ఆలోచించేది. ఇవాళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఆఖరి చుక్క దాకా తాగింది.

"కార్డు రాయించిన, మీ పల్లెకు చేరలేదేమో" అంది రాహేలమ్మ. "ఎనిమిదొద్దులు నెత్తురు ఆగలే. ఇప్పుడాగింది. ఇగ ఆలస్యం చెయ్యకుండ్రి. సూదులు గుట్ట మీదనే ఉన్నయి, మా దగ్గర లేవు. రేపు సాయంత్రం బండికి తీస్కపోయి, ఎల్లుండి పొద్దుటి బస్సుకు గుట్టెక్కియ్యిండ్రి. ఇంకోసారి నెత్తురు పడ్డదంటే నా చేతుల లేదు, సక్కగ చెప్తున్న. ఉమ్మి బూడిద కుండలనే ఊంచాలె. కిటికీలు తెరిచి పెట్టాలె."

"నేను రాను" అన్నాడు నర్సప్ప, గోడవైపే చూస్తూ. "మల్ల గా మెట్లు ఎక్క."

"గొంగడి దిగి చెప్పరాదా దేవునికని?" అంది బీరమ్మ. "ఒక్క మాట! ఒక్క మాటకు పానం పోగొట్టుకుంటవా?"

"దిగి చెప్పనీకె నేనేమన్న దొంగతనం జేసిన్నా? రోగమొచ్చింది. రోగమొచ్చిందని చెప్పిన."

బీరమ్మ గొంగడి తెచ్చి మంచం మీద పెట్టి, బాల్‌రాజ్ దాని మీద కూచుని ఏం చెప్పాడో చెప్పింది. నర్సప్ప మెల్లగా ఇటు తిరిగాడు. ముంజేతి మీద లేచి కూచున్నాడు.

"కూసొని చెప్పిండా?"

"కూసొని."

"నా గొంగడి మీద?"

తనను గెంటినప్పుడు కూడా అంత నివ్వెరపోయి ఉండడు. గొంగడి దగ్గరికి లాక్కుని, ఎక్కడ కూచున్నాడో వెతుకుతున్నట్టు దాన్ని తడిమాడు. దాన్ని భుజాల చుట్టూ కప్పుకుని "రేపు బండి ఎన్నింటికి?" అని అడిగాడు.

మర్నాడు దీపాలు పెట్టే వేళకు వికారాబాదులో దిగారు. ముసురు అట్లాగే ఉంది. గుట్టకు బస్సు ఇక తెల్లారితేనే. స్టేషను వరండాలో ఈదురు గాలి, జల్లు. ఆ జల్లులో రాత్రంతా కూచుంటే నర్సప్ప గుట్ట దాకా మిగలడు. ఎదురుగా హోటలు. దానికి మించిన దగ్గర చోటు లేదు, అదే కదా దాని గొప్ప.

మెట్ల ముందు బీరమ్మ ఆగింది. మొగుడి భుజాల మీది గొంగడి తీసి, నాలుగు మడతలు పెట్టి, అత్త చేతిలో పెట్టింది.

"నువ్వు ఇది పట్టుకొని బయటనే ఉండత్తా. పిలిచేదాక లోపలికి తేకు."

రుక్కమ్మ కోడలి ముఖంలోకి చూసింది. అన్నీ అర్థమైనాయి. గొంగడిని కడుపుకు అదుముకుని వానలో నిలబడింది.

నడవలో గుల్బర్గా వ్యాపారులు అన్నాలు తిని బెంచీ మీద ఉన్నారు. పెద్దాయన బీరమ్మను గుర్తుపట్టాడు. "ఏమమ్మా, దొరికాడా నీ భర్త?"

"దొరికిండయ్యా. ఈయనే." బీరమ్మ బల్ల దాకా నడిచింది. బాల్‌రాజ్ నర్సప్పను చూశాడు. చేతిలో కలం అట్లాగే నిలబడిపోయింది. "ఈ సేటు చెప్పింది నిజమే. మా ఆయన ఈడికి రానే లేదు. తాండూర్ల ఉండె. మేమే ఉత్తగ అనుమానపడ్డం."

వ్యాపారి తల ఊపి బాల్‌రాజ్ వంక చూశాడు. బాల్‌రాజ్ నోరు తెరిచాడు. ఏమంటాడు? ఈ మనిషే ఆ రోగి అంటే, నేనే గెంటించానని చెప్పాలి. నిన్న అందరి ముందూ కూచుని చెప్పిన మాట బల్ల మీద పరిచినట్టే ఉంది.

"ఈయనను మీరు ఎన్నడన్న సూసిన్రా సేటూ?" అంది బీరమ్మ.

"లేదు" అన్నాడు బాల్‌రాజ్.

"మరి రాసుకోండ్రి. ఎనక గది, బావి దిక్కు కిటికీ ఉన్నది గద, అదియ్యిండ్రి."

కలం సిరాలో మునిగింది. అలవాటైన ప్రశ్న, అడగకుండా ఉండలేడు. తల వంచుకునే అడిగాడు. "దేవునికా... దవాఖానకా?"

"దేవునికి" అంది బీరమ్మ.

"ఆయన్ను చెప్పుమను."

నర్సప్ప మెడనరాలు బిగుసుకుని ఉన్నాయి. బండి దిగినప్పటి నుంచీ దగ్గు పండ్లబిగువున ఆపుకుంటున్నాడు. అతను ముందు బీరమ్మ వంక చూశాడు. తర్వాత తన కాళ్ల కిందికి చూసుకున్నాడు. పాదాల కింద ఉత్త నాపరాయి, అంతే.

"దేవునికి" అన్నాడు.

కలం గరగర రాసింది. మొగులప్ప లాంతరు పట్టుకుని గడపలోకి పోయాడు. వానలోంచి రుక్కమ్మ గొంతు వినబడింది.

"అయిందా రాసుడు?"

"అయింది చెల్లె. లోపటికి రా" అన్నాడు మొగులప్ప.

ముసలిది నీళ్లు కారుతున్న చీరతో మెట్లెక్కి వచ్చింది. గొంగడి లోమడతలు మాత్రం పొడిగానే ఉన్నాయి. అందరూ చూస్తుండగా దాన్ని విప్పి కొడుకు భుజాల చుట్టూ కప్పింది. అది ఒంటికి తగలగానే నర్సప్ప ఇక ఆపుకోలేకపోయాడు. గొంగడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బల్ల పట్టుకుని, వంగి వంగి దగ్గాడు. నడవంతా ఆ దగ్గే వినబడింది.

గుల్బర్గా పెద్దాయన లేచి నిలబడ్డాడు. అతను దగ్గేవాడిని చూడలేదు. ఆ గొంగడినీ, బాల్‌రాజ్‌నూ మార్చి మార్చి చూస్తున్నాడు.

బాల్‌రాజ్ రిజిస్టరు మీదినుంచి తల ఎత్తలేదు. రాసిన మాట మీద అద్దుడు కాగితం పెట్టి ఒత్తుతూనే ఉన్నాడు.